ప్రభుత్వ కాంట్రాక్టుల్లో సమాచార భద్రతా మేనేజరు పని: విశాఖ సంస్థలకు సమగ్ర మార్గదర్శి

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నావల్ డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు, భారత్ డైనమిక్స్ యూనిట్, డీఆర్‌డీఓకు చెందిన నౌకాయుధ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, పోర్టు, ఉక్కు కర్మాగారం, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్, నగరపాలక సంస్థ జీవీఎంసీ, ఇవన్నీ విశాఖపట్నంలోనే ఉన్నాయి. వీటికి విడిభాగాలు చేసిచ్చే ఆటోనగర్ యూనిట్ల నుంచి రుషికొండ ఐటీ కొండల మీద సాఫ్ట్‌వేరు రాసే కంపెనీల దాకా ఎన్నో సంస్థల కంప్యూటర్లలో ప్రభుత్వ సమాచారం ఉంటుంది. దాన్ని కాపాడే బాధ్యతను మధ్యతరహా సంస్థలో కొత్తగా చేపట్టేవారి కోసం ఈ మార్గదర్శి. పెద్ద సంస్థల్లో ఈ పనికి ఒక విభాగమే ఉంటుంది. మధ్యతరహా సంస్థలో మాత్రం సాధారణంగా ఒక్కరే ఉంటారు, నెట్‌వర్క్ పని కూడా ఆ ఒక్కరి నెత్తి మీదే ఉంటుంది.

ఈ ఉద్యోగం అనగానే చాలామంది ఫైర్‌వాల్, యాంటీవైరస్ కొనుగోళ్ల జాబితాతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అది తర్వాతి మాట. ప్రభుత్వం ఇచ్చిన ప్రతి సమాచారం ఏ యంత్రంలో ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఏ కాగితం ఆధారంగా అక్కడ ఉంది అన్న మూడు ప్రశ్నలకు ఏ రోజు అడిగినా జవాబు చెప్పగలగడమే ఈ ఉద్యోగపు అసలు సారం. కింది అడుగులన్నీ ఆ జవాబును సిద్ధం చేసుకోవడానికే.

మరో సంగతి ముందే చెప్పాలి. అంతర్జాలంలో ఈ ఉద్యోగం గురించి వెతికితే ఎక్కువగా అమెరికా నిబంధనలే కనిపిస్తాయి. అక్కడి రక్షణ కాంట్రాక్టరు సైబర్ ఘటనను 72 గంటల్లోగా తెలియజేయాలి. మన దేశంలో ఆ గడువు 6 గంటలు. అక్కడి పుస్తకం చదివి ఇక్కడ ఉద్యోగం చేసేవారు ఈ ఒక్క తేడాతోనే సంస్థను చిక్కుల్లో పడేయగలరు. సాంకేతిక పద్ధతులు ఎక్కడివైనా నేర్చుకోవచ్చు, చట్టం మాత్రం ఇక్కడిదే చదవాలి.

అర్హతల సంగతి

ఇంజినీరింగ్ లేదా ఎంసీఏ చదివి, నెట్‌వర్క్ లేదా సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్‌లో కొన్నేళ్లు పనిచేసినవారికి ఈ దారి సులువు. సీఐఎస్‌ఎస్‌పీ, సీఐఎస్‌ఎం అనే అంతర్జాతీయ సమాచార భద్రతా ధ్రువపత్రాలకు సాధారణంగా ఐదేళ్ల అనుభవం చూపాలి. కాబట్టి తొలి దశలో సమాచార భద్రతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 లీడ్ ఆడిటరు శిక్షణ ఎక్కువ అక్కరకొస్తుంది, ఎందుకంటే ఆధారాలను ఆడిటరు కళ్లతో చూడటం అది నేర్పుతుంది. టెండరు భాష అర్థం చేసుకోవడం, ఆఫీసరుకు స్పష్టమైన ఉత్తరం రాయడం ఏ కోర్సూ నేర్పదు. ఈ రెండూ వచ్చినవారు ఈ పనిలో త్వరగా నిలదొక్కుకుంటారు.

మొదటి అడుగు: నియామక ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకోవడం

పని మొదలుపెట్టే ముందు మేనేజింగ్ డైరెక్టరు సంతకంతో నియామక ఉత్తర్వు తీసుకోవాలి. అందులో మూడు విషయాలు తప్పకుండా ఉండాలి: మీరు నేరుగా సంస్థ అధిపతికి నివేదించాలని, ప్రమాదం కనిపించినప్పుడు ఏ కంప్యూటరునైనా నెట్‌వర్క్ నుంచి తొలగించే అధికారం మీకుందని, మీరు లేని రోజున ఆ అధికారం ఎవరికి వెళుతుందని. ఐటీ విభాగాధిపతి కింద ఈ ఉద్యోగం పెట్టడం మంచిది కాదు. తన విభాగంలోని లోపాన్ని ఎత్తిచూపిన నివేదికను తానే ఆమోదించాల్సిన ఇబ్బంది ఆయనకు వస్తుంది. డెలివరీ తేదీ దగ్గరపడిన రోజున ప్రొడక్షన్ మేనేజరు మాట, మీ మాట ఎదురెదురుగా నిలబడతాయి. ఆ రోజు మీ వెనక ఉండేది ఈ కాగితమే.

రెండో అడుగు: కాంట్రాక్టు చదవడం

వర్క్ ఆర్డరు, టెండరు షరతులు, గోప్యతా ఒప్పందం, సాంకేతిక అనుబంధాలు అన్నీ తెప్పించుకుని ఒక్కసారైనా పూర్తిగా చదవాలి. భద్రతకు సంబంధించిన షరతులు ఒకేచోట ఉండవు. తనిఖీ నిబంధనల్లో ఒకటి, చెల్లింపుల అధ్యాయంలో మరొకటి, డ్రాయింగు మూలన చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంటాయి. వాటన్నిటినీ ఒక పట్టికలోకి ఎక్కించి, ఒక్కొక్క షరతుకు ఎదురుగా బాధ్యులెవరో, ఆధారం ఎక్కడుందో రాసుకోవాలి.

దానితోపాటు చట్టాలు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 70బి సెక్షను కింద, సైబర్ ఘటనలను చూసే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ పనిచేస్తుంది. ఆ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ప్రైవేటు కంపెనీలకూ వర్తిస్తాయి. విద్యుత్తు, రవాణా వంటి రంగాల్లో ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్ల జోలికి అనుమతి లేకుండా వెళితే 70వ సెక్షను ప్రకారం పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పౌరుల వివరాలు తాకే జీవీఎంసీ తరహా పనులకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చదవాలి. తగిన భద్రత పాటించనందుకు ఆ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. లైసెన్సు పొందిన రక్షణ పరిశ్రమల కోసం రక్షణ ఉత్పత్తి విభాగం 2014లో భద్రతా మాన్యువల్ విడుదల చేసి, ఉత్పత్తుల సున్నితత్వాన్ని బట్టి ఏ, బీ, సీ వర్గాలను నిర్ణయించింది. మీ సంస్థ ఏ వర్గంలోకి వస్తుందో దాన్ని బట్టే మిగతా ఏర్పాట్లన్నీ ఉంటాయి.

వీటన్నిటికన్నా పాతది, సిబ్బందికి తప్పక వివరించాల్సింది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. అది ప్రభుత్వోద్యోగులకు మాత్రమే సంబంధించిందన్న అపోహ చాలామందిలో ఉంది. ఆ చట్టంలోని 5వ సెక్షను ప్రభుత్వంతో కాంట్రాక్టు చేసుకున్న వ్యక్తిని, గతంలో చేసుకున్న వ్యక్తిని, వారి కింద పనిచేసే ఉద్యోగిని కూడా పేర్కొంటుంది. అలా చేతికొచ్చిన రహస్య పత్రాన్నో నక్షానో తగిన జాగ్రత్తతో కాపాడకపోవడం కూడా అందులో నేరమే. ఈ ఒక్క వాక్యం లేత్ మెషీన్ మీద నిలబడే ఆపరేటరుకు కూడా తెలుగులో, ఓపికగా చెప్పవలసినది.

మూడో అడుగు: ఒక డ్రాయింగు వెంట నడవడం

ఈ అడుగు మీద ఎన్ని రోజులు వెచ్చించినా వృథా కాదు. ఏదైనా ఒక ఆర్డరు తీసుకుని, దాని డ్రాయింగు సంస్థలోకి వచ్చిన క్షణం నుంచి సరుకు గేటు దాటేదాకా దాని వెంట నడవండి.

ఆటోనగర్‌లోని ఒక మెషినింగ్ యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కొనుగోలుదారు, అంటే ఆర్డరిచ్చిన ప్రభుత్వ సంస్థ, ఆఫీసు నుంచి డ్రాయింగు సీడీలోనో మెయిల్‌లోనో వస్తుంది. అంచనాలు వేసే ఉద్యోగి దాన్ని తన కంప్యూటరులోకి దింపుకుంటాడు. డిజైను విభాగం దానితో త్రీడీ నమూనా తయారుచేస్తుంది. ప్రోగ్రామరు ఆ నమూనా నుంచి మెషీన్‌ను నడిపే సీఎన్‌సీ కోడ్ తీసి పెన్ డ్రైవ్‌లో వేసి మెషీన్ దగ్గరికి పట్టుకెళతాడు. షాపులో గోడకు అంటించడానికి ఒక ప్రింటు, ఇన్‌స్పెక్షనుకు మరో ప్రింటు తీస్తారు. క్వాలిటీ విభాగం కొలతల నివేదికలో డ్రాయింగు ముక్కను అతికిస్తుంది. చివరికి ప్లేటింగు కోసం సరుకు బయటి షాపుకు వెళ్లినప్పుడు ఎక్కడెంత మందం ఉండాలో చెప్పడానికి డ్రాయింగు కూడా వెళుతుంది. ఎలా వెళ్లిందని సూపర్‌వైజరును అడిగితే వచ్చే జవాబు సాధారణంగా ఇలా ఉంటుంది: "వాట్సాప్‌లో పెట్టేశానండి సార్, లేకపోతే పని ఆగిపోతుందండి."

ఆ జవాబు విని కోప్పడితే రెండోసారి నిజం చెప్పరు. అతని దగ్గర ఇంకో మార్గం లేదు కనుకే ఆ పని చేశాడు. మార్గం చూపించడం మీ పని. ప్లేటింగు షాపుకు పూర్తి డ్రాయింగు అవసరం లేదు, ప్లేటింగు చేయవలసిన ఉపరితలం, మందం, అనుమతించే తేడా (టాలరెన్స్) చూపే ఒక్క పేజీ చాలు. ప్రాజెక్టు పేరు, నౌక పేరు, కొనుగోలుదారు పేరు, భాగం దేనిలో అమరుతుందో చెప్పే వివరాలు తీసేసి, సంస్థ సొంత జాబ్ నంబరుతో ఆ పేజీ తయారుచేసి, సరుకుతోపాటు కాగితం మీద పంపి, సరుకుతోపాటే వెనక్కి తీసుకోవాలి. అయితే భాగాన్ని బయటి షాపుకు ఇవ్వడానికే కాంట్రాక్టు అనుమతిస్తుందా అన్నది దీనికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న.

ఇలా నడిచాక ఆ ఒక్క డ్రాయింగుకు ఎన్ని నకళ్లు ఉన్నాయో లెక్క తేలుతుంది. మెయిల్ పెట్టెలో, డౌన్‌లోడ్ ఫోల్డరులో, ప్రింటరు హార్డ్ డిస్కులో, మెషీన్ కంట్రోలరు మెమరీలో, సూపర్‌వైజరు ఫోన్‌లో ఉన్నవి కూడా అందులోకి వస్తాయి. ఈ లెక్కే మీ ఆస్తుల రిజిస్టరుకు పునాది. ఒక్కొక్క పత్రం ఎదుట దాని వర్గీకరణ రాయాలి. అతి రహస్యం, రహస్యం, గోప్యం, పరిమితం అన్న మెట్లలో ఏది వర్తిస్తుందో నిర్ణయించే హక్కు సమాచారం ఇచ్చిన ప్రభుత్వ కార్యాలయానిదే. ముద్ర లేకుండా వచ్చిన పత్రం మీద అనుమానం ఉంటే రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా దాన్ని పై మెట్టు పత్రంగానే చూడండి.

నాలుగో అడుగు: వేరుచేయడం

2012 జులైలో పత్రికల్లో వచ్చిన ఒక వార్త ఈ నగరంలో ఈ పని చేసేవారందరూ గుర్తుంచుకోదగ్గది. తూర్పు నౌకాదళ కంప్యూటర్లలో ఒక వైరస్ బయటపడిందని, ఇంటర్నెట్ లేని కంప్యూటర్ల నుంచి సమాచారం తరలించడానికి వాడే పెన్ డ్రైవ్‌లలో అది కనిపించని ఫోల్డరు సృష్టించుకుందని, కొన్ని పదాల ఆధారంగా ఫైళ్లను పోగుచేసి, ఆ డ్రైవ్ ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరుకు తగిలినప్పుడు బయటికి పంపిందని ఆ కథనాల సారాంశం. నెట్ తీగ పీకేసినంత మాత్రాన కంప్యూటరు ఒంటరిదైపోదని, పెన్ డ్రైవ్ పట్టుకుని నడిచే మనిషి కూడా ఒక తీగేనని దీని అర్థం.

అందుకని సంస్థలోని కంప్యూటర్లను మూడు భాగాలుగా విడదీయండి. మెయిల్, జీఎస్‌టీ, బిడ్‌ల అప్‌లోడ్ వంటి పనులకు ఇంటర్నెట్ ఉన్న భాగం ఒకటి. డిజైను, డ్రాయింగులు ఉండే, ఇంటర్నెట్ లేని భాగం రెండోది. సీఎన్‌సీ మెషీన్లు, కొలత యంత్రాలు ఉండే షాపు భాగం మూడోది. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య ఒకే ఒక్క వంతెన ఉండాలి. అదొక ప్రత్యేక తనిఖీ కంప్యూటరు. బయటి నుంచి వచ్చిన ప్రతి ఫైలునూ దానిలో తనిఖీ చేసి, నంబరు వేసిన సంస్థ పెన్ డ్రైవ్‌లోకి మార్చి, రిజిస్టరులో తేదీ, సమయం, ఫైలు పేరు, సంతకం తీసుకున్నాకే లోపలికి ఇవ్వాలి. సొంత పెన్ డ్రైవ్ పెడితే పనిచేయకుండా రెండో, మూడో భాగాల్లోని యూఎస్‌బీ పోర్టులను సాఫ్ట్‌వేరు ద్వారా కట్టడి చేయాలి. పోర్టులకు స్టిక్కరు అంటించి ఊరుకోవడం సరిపోదు.

షాపులోని మెషీన్లు వేరే తలనొప్పి. వాటి కంట్రోలర్లు పాత విండోస్ మీద నడుస్తుంటాయి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. కంప్యూటరు పాతదైందని కోట్ల రూపాయల మెషీన్‌ను మార్చమని యజమానిని అడగలేం, అడగనవసరం లేదు కూడా. ఆ మెషీన్లను నెట్‌వర్క్‌లో విడి గదిలో బంధించినట్లు ఉంచి, ఒకే ఒక్క ఫైలు సర్వరుతో మాత్రమే మాట్లాడనివ్వాలి. మెషీన్ మరమ్మతుకు వచ్చే కంపెనీ ఇంజినీరు ల్యాప్‌టాప్‌ను నేరుగా తగిలించనివ్వకూడదు. రిమోట్ మద్దతు కావాలంటే అడిగినప్పుడు తెరిచి, మీ మనిషి పక్కన కూర్చుని చూస్తుండగా చేయించి, అయిపోగానే మూసేయాలి.

ఈ విభజనను చాలామంది ఖర్చు దండగ అనుకుంటారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన దాడిలో ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం అందుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఖర్చు గురించి డైరెక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణ ముందు పెట్టండి.

ఐదో అడుగు: మనుషులు

చేరేటప్పుడు పోలీసు వెరిఫికేషన్, గోప్యతా ఒప్పందం, పనికి సరిపడా మాత్రమే యాక్సెస్ ఇవ్వడం అందరికీ తెలిసినవే. మరిచిపోయేది వెళ్లిపోయే రోజున. ఉద్యోగి రాజీనామా హెచ్‌ఆర్‌కు చేరిన రోజే మీకూ తెలియాలి, చివరి రోజు సాయంత్రంలోగా అతని లాగిన్‌లు, గేట్ పాస్, అతనికి తెలిసిన ఉమ్మడి పాస్‌వర్డ్‌లు అన్నీ మారాలి. డాక్‌యార్డు పాస్ వెనక్కి ఇచ్చినట్లు రసీదు తీసుకోవాలి. కాంట్రాక్టు కూలీల విషయంలో ఇది మరీ కష్టం, ఎందుకంటే వారు లేబర్ కాంట్రాక్టరు జాబితాలో మారిపోతూ ఉంటారు. వారానికోసారి ఆ జాబితాను పాస్‌ల జాబితాతో సరిచూడటమే మార్గం.

2019 డిసెంబరులో సామాజిక మాధ్యమాల పరిచయాల ద్వారా నౌకాదళ సమాచారం బయటికి పోయిందన్న కేసులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు కొందరు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు, ఆ తర్వాత నౌకాదళం తన స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. కాంట్రాక్టరు మనుషులకూ ఆ ప్రమాదం ఉంది. ఏ నౌక మరమ్మతుకు వచ్చింది, ఎన్ని రోజులు ఉంటుంది అన్న చిన్న మాట కూడా బయటివారికి విలువైనదే. ఈ శిక్షణను స్లైడ్లతో చేయకండి. టీ విరామంలో పది మందిని కూర్చోబెట్టి, ఆ కేసు సంగతి మామూలు మాటల్లో చెప్పి, అపరిచితుల నుంచి స్నేహాభ్యర్థన వస్తే ఎవరికి చెప్పాలో చెప్పండి. అప్పటికే చిక్కుకున్నవాడు భయపడకుండా మీ దగ్గరికి రాగలిగేలా మాట్లాడటం అన్నిటికన్నా ముఖ్యం.

ఆరో అడుగు: లాగ్‌లు, గడియారం, బ్యాకప్

సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం కంప్యూటర్ వ్యవస్థలన్నిటి లాగ్‌లను (ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో నమోదయ్యే రికార్డులను) 180 రోజులపాటు దేశ పరిధిలో భద్రపరచాలి. గడియారాలను జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లతో కలపాలి. ఇంటర్నెట్ లేని భాగంలో ఒక స్థానిక సమయ సర్వరు పెట్టి, అసలు సమయంతో దాని తేడాను క్రమం తప్పకుండా సరిచూసి రాసుకోవాలి. రెండు కంప్యూటర్ల గడియారాల్లో పది నిమిషాల తేడా ఉంటే ఘటన జరిగిన రోజున ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చలేం.

బ్యాకప్ విషయంలో విశాఖవాసులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరమంతా రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు మూగబోయి ఉన్నాయి. ఒక ప్రతి నగరం బయట ఉండాలి. అయితే ప్రభుత్వ వర్గీకృత సమాచారాన్ని కొనుగోలుదారు లిఖిత అనుమతి లేకుండా క్లౌడ్‌లోకి గానీ మరో ఊరికి గానీ పంపకూడదు, కనుక ఆ అనుమతిని కాంట్రాక్టు మొదట్లోనే అడిగి తీసుకోవాలి. మూడు నెలలకోసారైనా ఒక ఫోల్డరును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, తెరిచి చూడాలి.

ఏడో అడుగు: ఆ 6 గంటలకు ముందే సిద్ధపడటం

ఘటన గమనించిన, లేదా ఎవరైనా మీ దృష్టికి తెచ్చిన క్షణం నుంచి 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. ఆ సమయానికి చేతిలో ఉన్న సమాచారం పంపితే చాలు, మిగతాది తర్వాత ఇవ్వవచ్చు. అన్నీ తెలిశాక చెబుదామని ఆగడమే అందరూ చేసే తప్పు.

శనివారం సాయంత్రం 4 గంటలకు స్టోర్స్ గుమస్తా ఫోన్ చేసి, ఫైళ్లు తెరుచుకోవడం లేదని, పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు చేరాయని చెప్పాడనుకోండి. మీ గడువు రాత్రి 10 గంటలు. ముందుగా ఆ కంప్యూటరు నెట్‌వర్క్ తీగ తీయించండి, కంప్యూటరును మాత్రం ఆపవద్దని చెప్పండి. ఆపితే కంప్యూటరు మెమరీలో ఉన్న ఆధారం పోతుంది. తెరను ఫోటో తీయడానికి సంస్థ కెమెరా వాడండి. ఒక నోటుపుస్తకంలో సమయాలు వేస్తూ జరిగినది జరిగినట్లు రాయడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. బ్యాకప్ సర్వరును వెంటనే వేరుచేయండి. ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామన్న ఉత్సాహాన్ని ఎవరు చూపినా అడ్డుకోండి, డిస్కు ప్రతి తీసి దాని హ్యాష్ విలువ (ప్రతి మారలేదని చూపే సంఖ్య) రాసుకునేదాకా ఆ యంత్రం సాక్ష్యమే.

తర్వాత కొనుగోలుదారు భద్రతాధికారికి ఫోన్ చేయాలి. దాడికి గురైన మెయిల్ నుంచి ఆ కబురు పంపితే దాడి చేసినవాడు కూడా చదువుతాడు. సెర్ట్-ఇన్ నివేదికలో ఘటన స్వభావం, సమయం, ప్రభావిత వ్యవస్థలు, తీసుకున్న చర్యలు రాయాలి. వర్గీకృత విషయాలు అందులోకి రానివ్వకూడదు. ఈ పత్రాన్ని ఖాళీలతో ముందే తయారుచేసి, ఫోన్ నంబర్లతో కలిపి కాగితం మీద మీ టేబులు సొరుగులో ఒకటి, సెక్యూరిటీ గది దగ్గర ఒకటి ఉంచండి. కంప్యూటర్లు పనిచేయని రోజున కంప్యూటరులో దాచిన పత్రం దొరకదు. ఏడాదికి రెండుసార్లయినా, సెలవు రోజున కూడా ఒకసారి, ఈ కసరత్తు చేసి చూడాలి.

ఎనిమిదో అడుగు: ఆడిట్

సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిట్ సంస్థతో ఏటా కనీసం ఒకసారి ఆడిట్ చేయించాలి. కొటేషన్లు పిలిచేటప్పుడు పరిధిని స్పష్టంగా రాయండి, షాపు భాగాన్ని వదిలేసి వెబ్‌సైటును మాత్రం పరీక్షించి ఇచ్చే చవక నివేదిక వల్ల ఉపయోగం లేదు. ఐఎస్ఓ 27001 2022 సంచికలో 93 నియంత్రణలున్నాయి. వాటిలో సరఫరాదారుల గురించిన 5.19 నుంచి 5.22 వరకు ఉన్నవి మీ వంటి సంస్థలకు అన్నిటికన్నా బరువైనవి. లోపాల జాబితా వచ్చాక ప్రతి లోపానికీ తేదీ, బాధ్యుడు నిర్ణయించి, మళ్లీ పరీక్ష చేయించాలి. ఆ నివేదిక మీ సంస్థ బలహీనతల పటం కాబట్టి అందరికీ మెయిల్‌లో పంపకండి.

తొమ్మిదో అడుగు: కాంట్రాక్టు ముగింపు

ఆఖరి బిల్లు పాస్ కాగానే అందరూ కొత్త ఆర్డరు మీదికి వెళ్లిపోతారు, పాత డ్రాయింగులు మాత్రం సర్వరులో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ముగింపు నాడు మూడో అడుగులో తయారైన నకళ్ల లెక్కను బయటికి తీసి, ఒక్కొక్కటిగా కొట్టేస్తూ రండి. అసలు పత్రాలు వాపసు ఇవ్వాలి. హార్డ్ డిస్కులను పద్ధతి ప్రకారం తుడిచేయవచ్చు. ఎస్‌ఎస్‌డీలు, పెన్ డ్రైవ్‌ల మీద మళ్లీ రాసినా పాత సమాచారం మిగిలిపోయే అవకాశం ఉంది గనుక, సున్నితమైన సమాచారం ఉన్నవాటిని ముక్కలు చేయించడమే క్షేమం. అద్దెకు తెచ్చిన జిరాక్స్ మెషీన్‌ను తిరిగిచ్చేముందు దాని లోపలి డిస్కు సంగతి చూడాలి. సీఎన్‌సీ కంట్రోలరులోని ప్రోగ్రాములు, బ్యాకప్ టేపులు, సూపర్‌వైజర్ల ఫోన్లు కూడా ఈ లెక్కలోవే.

సబ్ కాంట్రాక్టర్ల నుంచి కూడా ధ్వంస ధ్రువపత్రం తీసుకోవాలి. ప్లేటింగు షాపు యజమాని "ఆ కాగితం ఎప్పుడో పారేశాం సార్" అంటే ఆ మాటనే తేదీ వేసి రాయించి సంతకం తీసుకోండి, ఎప్పుడు, ఎలా పారేశారో అడిగి అది కూడా చేర్చండి. అన్నీ కలిపి కొనుగోలుదారు కార్యాలయానికి పంపి, ముద్రతో రసీదు తీసుకుని, ఆ రసీదును ఒరిజినల్ వర్క్ ఆర్డరు ఉన్న ఫైలులోనే పెట్టాలి. రసీదు వచ్చేదాకా ఆ కాంట్రాక్టు మీ రిజిస్టరులో తెరిచి ఉన్నట్లే.